పట్టా ఉన్నది, పదవి ఏదీ?

కిందటి వారం ఆంధ్రా భవన్ భోజనశాలలో ఒక తెలుగు అమ్మాయి తటస్థపడింది. దంతవైద్యం ముగించి, ప్రజారోగ్యంలో ఎం.పి.హెచ్. పట్టా పుచ్చుకున్నది. "మా జిల్లాలో ఈ చదువుకు తగిన పోస్టే లేదండీ" అన్నది. నాకు జవాబు తోచలేదు.

చదువు కొత్తది కాదు. కలకత్తాలో అఖిల భారత ప్రజారోగ్య సంస్థ రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ సాయంతో 1932లోనే వెలసింది. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో 1997లో ఎం.పి.హెచ్. మొదలైంది. హైదరాబాదులోనూ 2008 నుంచి ప్రత్యేక విద్యాసంస్థ ఉన్నది.

కొరత కొలువులలోనే. ఉమ్మడి మద్రాసు 1939లో ప్రజారోగ్య చట్టం చేసింది. అది నాడు మన కోస్తా, సీమ జిల్లాలకూ వర్తించినదే. తమిళనాడు ఆ పునాదిపై ప్రజారోగ్యానికి ప్రత్యేక కేడరును నిలబెట్టుకున్నది. తక్కిన రాష్ట్రాలలో అది అరుదు. ఆసుపత్రి కడితే ప్రారంభోత్సవం ఉంటుంది. రాకుండా ఆపిన కలరాకు మంత్రిగారు రిబ్బను ఎక్కడ కత్తిరిస్తారు?

ప్రతి రాష్ట్రంలోనూ ఈ కేడరు ఉండాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. కోవిడ్ ముంచెత్తిన పిమ్మట, 2022లో, కేంద్రం మార్గదర్శకాలు వెలువరించింది. ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనిది గనుక ఢిల్లీ సలహా చెప్పగలదే గాని పోస్టులు సృష్టించలేదు. అవి ఎంతవరకు అమలైనవో నిలదీయవలసినది ఇక్కడి పార్లమెంటులో కాదు, అమరావతిలో, హైదరాబాదులో.