నీటిలో నిలిచియు దప్పిగొను పైరు

నందివాడ ప్రాంతమున కొల్లేటివైపు పల్లపు పొలములు సేద్యముచేయు రైతు సోదరులకు ఈ వింత కొత్తది కాదు. మడిలో నీరు నిలిచియే యుండును. అయినను నాటిన వరి ఆకుకొనలు మాడి చుట్టుకొనిపోవును. నీరు చాలలేదని తలచి, కాలువ వట్టిపోయిన దినములలో మురుగుకాలువ నీటిని తోడిపెట్టువారును గలరు. పైరు మరింత చెడును. నీరున్న మడిలో పైరేల దప్పిగొనును? ఇది తెలిసినచో పెక్కు నష్టములను తప్పించుకొనవచ్చును గనుక తేటగా విన్నవించుచున్నాము.

దీనికి జవాబు మన వంటయింటనే కలదు. మాగాయకు తరిగిన మామిడిముక్కలపై ఉప్పు చల్లి జాడీలో నుంచినచో ఊట దిగి ముక్కలు ముడుచుకొనును. ఎండుద్రాక్షను మంచినీటిలో వేసినచో ఉబ్బును. ఒకచోట నీరు వెలికి వచ్చినది. మరియొకచోట లోనికి పోయినది.

మొక్క శరీరమంతయు కంటికి కానరాని కణములతో కట్టబడినది. ప్రతి కణమునకును సన్నని పొర కలదు. అది నీటిని సులభముగా పోనిచ్చును; ఉప్పును, చక్కెరను అంత సులభముగా పోనీయదు. అట్టి పొరకు ఇరువైపుల ద్రవములున్నప్పుడు, నీరు పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపునకు నడచును. దీనినే ద్రవాభిసరణమందురు. 1748లో ఫ్రాన్సు దేశీయుడగు నోలే, సారాయి నింపిన పాత్ర మూతికి జంతువు మూత్రాశయపు పొరను గట్టి నీట ముంచగా, నీరు లోనికి చొచ్చి పొర పైకుబ్బెను. కణపు పొరలో నీరు పోవుటకు ప్రత్యేక ద్వారములున్నవని కనిపెట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమానము లభించినది.

మంచి నేలలోని నీటికంటె వేరుకణములలోని రసము చిక్కనిది. కావున నీరు వేరులోనికి ప్రవేశించును. నీటితో నిండిన కణములు గాలికొట్టిన సైకిలు చక్రమువలె బిగిసి, ఆకును నిటారుగా నిలుపును. నేలలో ఉప్పు పెరిగినకొలది ఈ వాలు తగ్గును. మితిమీరినచో నీరు వేరునుండి వెలికే వచ్చును. అప్పుడు పైరు మాగాయముక్కవలె అగును. లోనికి చేరిన ఉప్పు ఆకునకు విషమగుట వేరొక కీడు.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పుండును. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ పొలములను ముంచినది ఆ నీరే. మన వైపున ఉప్పుటేరు సముద్రమునకును కొల్లేటికిని నడుమ దారి. ఎండకాలమున పోటునకు ఉప్పునీరు ఆ దారినే పైకెక్కును. నీరు చూపునకు తేటగా నున్నంత మాత్రమున పైరునకు మంచిదని యెంచరాదు.

భూపరీక్షా కేంద్రములలో ఉప్పును విద్యుద్వాహకత చేత కొలుతురు. నేల చారులో ఈ కొలత 3 డెసిసైమెన్లు దాటినపిమ్మట, పెరిగిన ప్రతి యొక్కదానికి వరి దిగుబడి నూటికి సుమారు 12 వంతులు తగ్గునని లెక్క. మొలకెత్తునప్పుడును, పిలకలువేయునప్పుడును వరి కొంత ఓర్చును. లేతనారుగా నున్నప్పుడును, పూతయందును ఓర్వలేదు.

కావున మేము చెప్పునది: మురుగునీరు, చెరువునీరు పరీక్షింపించక మడికి పెట్టకుడు. ఉప్పుమడిని ఎండనీయకుడు, ఎండినకొలది అడుగునున్న ఉప్పు పైకెక్కును. మంచినీరు దొరికినప్పుడు నిలువగట్టి, కలియదున్ని, ఆ నీటిని వెలికి విడువుడు. ముదురునారు కుదురుకు రెండు మూడు మొక్కలెక్కువగా నాటుడు. జీలుగను పచ్చిరొట్టగా వేయుడు. ఎరువును ఒకచోట కుప్పగా వేయకుడు. అదియు ఒక ఉప్పే. పాలచౌడు మంచినీటితో కడిగిన పోవును. కారుచౌడునకు మాత్రము జిప్సము వేయక తప్పదు.

అయితే కడిగిన నీరు పోవుటకు మురుగుకోడు తెరిపిగా నుండవలెను. అది పూడియున్నచో ఎగువరైతు కడిగిన ఉప్పు దిగువరైతు మడిలో నిలుచును. ఒక్కనిచేత కానిది పదిమంది కలిసిన అగును. నాట్లకు ముందే సంఘసభ్యులెల్లరు కూడి, తమతమ కోళ్ల పూడిక తీయించు పని నిర్ణయించుకొందురుగాక.