ముందు ఊపిరి, తర్వాతే ముద్దు

"ఇదేంట్రా అబ్బాయ్, దీనికి ముక్కే లేదు?"

బుల్‌డాగ్ పిల్లను ఇంటికి తేగానే నాయనమ్మలు అడిగే మొదటి మాట ఇదే. ముడతల మొహం, సాగిన బుగ్గలు, తప్పటడుగులు చూసి మనం మురిసిపోతాం. పెద్దవాళ్లు అసలు సంగతి పట్టేస్తారు. ఆ జాతి కష్టాలన్నీ ఆ అణిగిన ముక్కులోనే ఉన్నాయి.

ఇంగ్లండులో ఎద్దుల మీదికి ఉసిగొల్పడానికి పెంచిన కుక్క ఇది. కట్టేసిన ఎద్దు మీదికి కుక్కల్ని వదిలే ఆ వినోదాన్ని అక్కడ 1835లో చట్టం చేసి ఆపేశారు. తర్వాత అది ఇంటి కుక్కయింది. ప్రదర్శనల్లో బహుమతుల కోసం తరతరానికీ మూతిని ఇంకా పొట్టిగా, తలను ఇంకా పెద్దగా చేసుకుంటూ పోయారు. అలాంటి కుక్క ఇప్పుడు ఒంగోలు గిత్తల సీమకు వచ్చింది. ఒంగోలు జాతికి వేలాడే గంగడోలు, బాగా చెమట పట్టే చర్మం ఉన్నాయి కాబట్టి ఈ ఎండను తట్టుకుంటుంది. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది.

బుల్‌డాగ్‌కు ముక్కు రంధ్రాలు సన్నం, మెత్తని అంగిలి పొడవు, గాలిగొట్టం ఇరుకు. రొప్పేకొద్దీ గొంతు వాస్తుంది, వాచేకొద్దీ గాలి ఆడదు. బ్రిటన్ పరిశోధకులు 2020లో లెక్కతీస్తే లాబ్రడార్ కంటే దీనికి వడదెబ్బ ముప్పు దాదాపు 14 రెట్లు ఎక్కువని తేలింది. అక్కడి చల్లటి వాతావరణంలోనే అంత ముప్పుంటే, మే నెలలో 45 డిగ్రీలు దాటే పల్నాడు రెంటచింతల సంగతి వేరే చెప్పాలా!

మన జిల్లాల్లో ఎండ కూడా అంతటా ఒకలాంటిది కాదు. పల్నాడు వైపు పొడి వేడి. అక్కడ కిటికీ తెరిచి కూలర్ పెట్టినా, వట్టివేళ్ల తడికెలు కట్టి నీళ్లు చల్లినా గది చల్లబడుతుంది. చీరాల, బాపట్ల వైపు ఉక్కపోత ఎక్కువ. గాలిలో తేమ ఉంటే కుక్క నాలుక మీది తడి ఆరదు. తలుపులు మూసి కూలర్ వేస్తే ఆ తేమ ఇంకా పెరుగుతుంది. సముద్రం దాపు ఊళ్లలో ఏసీ, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉన్నవాళ్లే ఈ పిల్లను తెచ్చుకోవాలి. ఈ మాట కొందరికి కష్టంగా ఉండొచ్చు, అయినా చెప్పక తప్పదు.

తెచ్చుకునేవాళ్లు కార్తీక మార్గశిరాల్లో తెచ్చుకోండి. రెండు నెలల పిల్ల అప్పుడొస్తే టీకాలన్నీ చలికాలంలోనే పూర్తవుతాయి, ఎండలు ముదిరేనాటికి కాస్త ఒళ్లు గట్టిపడుతుంది. బడికి సెలవులిచ్చారని ఏప్రిల్‌లో మాత్రం తేవద్దు. పార్వో వగైరా టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి 16 వారాల దాకా వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. అవన్నీ అయ్యేదాకా వీధిలో దింపొద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది.

మాఘం వచ్చేసరికి మిర్చి కల్లాలు మొదలవుతాయి. గుంటూరు మిర్చి యార్డు పక్క రోడ్డు మీద వెళ్తుంటే మనుషులకే దగ్గు ఆగదు. కల్లం నుంచి వచ్చినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే పిల్లను ఎత్తుకోవాలి. కారం నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. పిల్ల ఒంటి మీద పడితే కాస్త కొబ్బరినూనె అద్దిన గుడ్డతో తుడిచి, ఆ తర్వాత కుక్కల షాంపూతో కడగండి. కంట్లో పడితే మాత్రం మంచినీళ్లు ధారగా పోయడమే.

ముడతల శుభ్రం రోజూ చేయాల్సిన పని. ముక్కు మీది ముడతను బొటనవేలితో మెల్లగా పైకెత్తి చూడండి. లోపల చర్మం లేతగా, పొడిగా ఉంటే మంచిదే. ఎర్రబడి, గోధుమరంగు జిగురు కనబడి, పుల్లటి వాసన వస్తే పుండు మొదలైనట్టు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన నూలుగుడ్డతో లోపలి నుంచి బయటికి తుడవాలి. ఆ తర్వాత పొడిగుడ్డతో మెత్తగా అద్దాలి, చెమ్మ మిగలకూడదు. పత్తి పండే ఊళ్లో మెత్తటి పాత పంచె ముక్కకు కరువేముంది? తోక మొదట్లో ఉండే గుంటను చాలామంది మర్చిపోతారు. అక్కడా ఇదే పద్ధతి.

నాకు అన్నిటికన్నా భయం పురుగుమందుల గురించి. పత్తి, మిర్చి వేసిన ఇంట్లో మందు డబ్బాలు, స్ప్రేయరు, ఎలుకల మందు ఏదో మూల ఉండనే ఉంటాయి. పళ్లొచ్చే పిల్ల కనిపించిందల్లా కొరుకుతుంది. చొంగ ధారగా కారుతూ, ఒళ్లు వణుకుతూ, కంటిపాపలు చిన్నవైతే ఒక్క నిమిషం ఆగకుండా, ఆ డబ్బా కూడా పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఏ మందో తెలిస్తే వైద్యం తేలిక. ఇక నీళ్ల సంగతి: నాగార్జునసాగర్ కుడికాలువ గట్లమీద, పొలం గుంటల దగ్గర పిల్లను వదలొద్దు. తల బరువుకు బుల్‌డాగ్ ఈదలేక మునిగిపోతుంది.

తిండి సంగతి రెండు ముక్కల్లో. పచ్చడి మెతుకులు, మిగిలిన కూరలు పెట్టొద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, ద్రాక్ష కిడ్నీలను పాడుచేస్తుంది. ముద్దొస్తోందని మేపితే, పెరిగిన ప్రతి కిలో ఊపిరికే బరువు. ఊపిరికి అడ్డం రాకుండా మెడకు బెల్టు బదులు ఛాతీకి పట్టీ వేయండి.

కొనేముందు తల్లిని చూడండి. అది నాలుగడుగులు నడిచి గురగురలాడుతుంటే పిల్లను తీసుకోకండి. "ఇంపోర్టెడ్" అన్న మాట నమ్మొద్దు. అమ్మకాల కోసం విదేశాల నుంచి కుక్కలు తేవడాన్ని కేంద్రం 2016లోనే ఆపేసింది. ఇంత చాకిరీ మనవల్ల కాదనిపిస్తే వీధిలో పుట్టిన నాటు పిల్లను తెచ్చుకోండి. ఈ ఎండలు దానికి అలవాటే.

ఇక వడదెబ్బ. చిగుళ్లు ముదురు ఎరుపుకో నీలానికో తిరిగి, పిల్ల తూలుతుంటే ముందు ఇంట్లోనే చల్లబరచాలి. నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా తడిసేలా కుళాయి నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. చల్లబరిచాక ఆసుపత్రికి తీసుకెళ్లాలి కాబట్టి, దగ్గర్లో ఆక్సిజన్ ఉన్న పశువుల ఆసుపత్రి ఏదో, రాత్రిపూట ఎవరు దొరుకుతారో పిల్లను తెచ్చిన వారంలోనే కనుక్కుని నంబరు రాసిపెట్టుకోండి. అక్కడ కుదరక గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు తీసుకెళ్లాల్సి వస్తే, కారులో ముందే ఏసీ వేసి, వెనక సీట్లో ఒకరు దారి పొడవునా దాన్ని తడుపుతూ కూర్చోవాలి.