స్లైడ్ రూల్: గుణకారాన్ని కూడికగా మార్చిన బద్ద

రాయ్‌పూర్‌లో ఇవాళ ఎన్ఐటీగా ఉన్న కాలేజీ 1956లో గనుల తవ్వకం, లోహశాస్త్రం నేర్పడానికి మొదలైంది. పక్కనే భిలాయిలో ఉక్కు కర్మాగారం లేస్తున్న రోజులవి. 1959లో అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ పని మొదలుపెట్టింది. జేబు కాలిక్యులేటర్ ఇంకా పుట్టలేదు. ఇంజనీర్లకు లెక్క తేల్చిపెట్టేది స్లైడ్ రూలే. ఇంటర్ పిల్లలు ఇప్పుడు బట్టీపట్టే సంవర్గమానాల (లాగ్‌ల) సూత్రాలను ఆ బద్ద మీద వేలితో తాకి చూడొచ్చు.

1614లో స్కాట్లాండ్‌లో జాన్ నేపియర్ సంవర్గమానాల పట్టికలు అచ్చువేయించాడు. 1620లో ఎడ్మండ్ గంటర్ ఆ విలువలను గీతలుగా బద్ద మీదికి ఎక్కించాడు. పొడవులు కలపడానికి మాత్రం కంపాసు కావాల్సివచ్చేది. కొద్దికాలానికే విలియం ఆట్రెడ్ రెండు స్కేళ్లను ఒకదాని పక్కన ఒకటి జరపడంతో ఆ అవస్థ తీరింది. నా దృష్టిలో అసలు ఆవిష్కరణ ఆ జరపడమే.

25 సెం.మీ. స్కేలులో 1 నుంచి 2 దాకా సుమారు 75 మి.మీ., 3 దాకా 119 మి.మీ. రెండు పొడవులూ కలిపితే 194 మి.మీ. పైచిలుకు. 6 గీత ఉండేది సరిగ్గా అక్కడే. లాగ్ 2 + లాగ్ 3 = లాగ్ 6 అంటే ఇంతే. పొడవు తీసేస్తే భాగహారం. ఈ స్కేలు పేరు ‘డి’. దానికి పైనున్న ‘ఎ’ స్కేలును అందులో సగానికి కుదించి గీశారు కాబట్టి, ‘డి’ మీద 3కి ఎదురుగా ‘ఎ’ మీద 9 కనిపిస్తుంది. లాగ్ ముందున్న 2, లోపలికెళ్లి వర్గం అయ్యేది అలాగే.

2 లాగ్ 3 + లాగ్ 5 − లాగ్ 4 ని ఒకే లాగ్‌గా రాయమన్నారనుకోండి. బద్ద మీద అటూ ఇటూ జరిగే పారదర్శక పలకను కర్సర్ అంటారు. దాని గీతను ‘డి’లో 3 మీద ఉంచితే పైన ‘ఎ’లో 9 వస్తుంది. జరిగే బద్దలో ‘ఎ’ లాంటిదే అయిన ‘బి’ స్కేలు 4ను ఆ గీత కిందికి తెచ్చి, కర్సర్‌ను ‘బి’ 5 మీదికి నడపాలి. పైన ‘ఎ’ మీద 11.2కూ 11.3కూ నడుమ ఆగుతుంది. జవాబు లాగ్ 11.25. బద్దను ఒక్కసారి జరిపితే చాలు, మూడు సూత్రాలూ పనిచేశాయి. దశాంశ బిందువు ఎక్కడ పడాలో మాత్రం మనిషే చూసుకోవాలి. అందుకే జవాబు ఏపాటి ఉంటుందో ముందే అంచనా కట్టే అలవాటు ఆ తరానికి అబ్బింది.

1972లో హ్యూలెట్-ప్యాకార్డ్ ‘హెచ్‌పీ-35’ వచ్చాక కొన్నేళ్లలోనే ఈ బద్దలు బల్ల సొరుగుల్లోకి వెళ్లిపోయాయి.

స్లైడ్ రూల్‌లో ఎంత వెతికినా మామూలు కూడికకు స్కేలు ఉండదు. లాగ్ (ఎ + బి) ని లాగ్ ఎ + లాగ్ బి గా విడగొట్టే పిల్లలు నేటికీ ఉన్నారు. బద్ద మీద రెండు పొడవులు కలిపితే వచ్చేది ఎప్పుడూ లబ్ధమే. మొత్తం కావాలంటే ఇంజనీరు కాగితం తీసి కూడుకోవాల్సిందే.