ఓడినవారి గీతం ముందు

అమెరికాలో కళాశాలల ఫుట్‌బాల్ ఋతువు ఆగస్టు చివర మొదలై, నవంబరు ముగిసేసరికి దాదాపు సద్దుమణుగుతుంది. ఏ జట్టు ఏ స్థానంలో నిలిచిందో అప్పటికి లెక్కలు తేలిపోతాయి. జాతీయ విజేతను నిర్ణయించే తుది పోటీలు ఇంకా మొదలు కావు. ఈ రెంటి నడుమ, డిసెంబరు రెండవ శనివారంనాడు, ఒక పోటీ కోసం లక్షలాది జనం ఎదురుచూస్తారు. వెస్ట్ పాయింట్‌లోని సైనిక విద్యాలయమూ, అనాపొలిస్‌లోని నౌకా విద్యాలయమూ తలపడే ఈ పోటీకి వాడుకలో పేరు ‘ఆర్మీ–నేవీ’.

2026లో ఈ పోటీకి వేదిక న్యూజెర్సీ రాష్ట్రంలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్. ఇది 127వ పర్యాయం. అంతకుముందు జరిగిన 126 పోటీలలో నేవీ 64 సార్లు, ఆర్మీ 55 సార్లు గెలిచాయి. ఏడు సమంగా ముగిశాయి. 2025లో బాల్టిమోర్‌లో నేవీ 17–16తో, అంటే ఒకే ఒక్క పాయింటు తేడాతో, విజయం సాధించింది. ఆ పాయింటు ఆర్మీ అభిమానుల గుండెలో ముల్లులా మిగిలిపోయింది. మరుసటి డిసెంబరులో బాకీ తీర్చుకోవాలని వారి ఆరాటం. కాని చివరి సంవత్సరంలో ఓడిన ఆటగాడికి ఆ మరుసటి డిసెంబరు ఉండదు. పట్టా పుచ్చుకోగానే అతడు సైన్యంలో అధికారి అవుతాడు. కనీసం ఐదేళ్ళపాటు, పంపిన చోటికల్లా పోయి కొలువు చేయాలి. ఈ పోటీ విలువ తెలియాలంటే ముందుగా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ ఆట వేరు

హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కప్పు గెలుచుకొన్న ఫుట్‌బాల్ ఇది కాదు. అమెరికన్ల ఆటలో బంతి కోలగా ఉంటుంది. ఎక్కువగా చేతులతోనే ఆడతారు. మైదానం పొడవు 100 గజాలు. పక్షానికి 11 మంది. ఆట 15 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. బంతి తమ చేతిలో ఉన్న పక్షంవారు నాలుగు యత్నాలలో పది గజాలు ముందుకు సాగాలి. సాగగలిగితే మరి నాలుగు యత్నాలు దక్కుతాయి. లేకపోతే బంతిని ఎదుటివారికి అప్పగించవలసిందే. ప్రత్యర్థుల కొసగీత దాటి బంతిని చేరిస్తే అది ‘టచ్‌డౌన్’. దానికి ఆరు పాయింట్లు.

బంతిని ముందుకు తీసుకుపోవడానికి రెండు మార్గాలున్నాయి. చంకన పెట్టుకొని పరుగెత్తడం ఒకటి. ముందున్న సహచరునికి విసరడం మరొకటి. పెద్ద విశ్వవిద్యాలయాల జట్లు నేడు విసరడాన్నే ఎక్కువగా నమ్ముకొంటాయి. ఆర్మీ, నేవీ జట్లు మాత్రం చిరకాలంగా పరుగును ఆశ్రయించాయి. దీనికి కారణం వట్టి సంప్రదాయ ప్రీతి కాదు. పెద్ద జట్ల ముందువరుసలో నిలిచేవారు 135 కిలోలకు పైబడిన బరువుతో కొండల్లా ఉంటారు. రేపు సైన్యంలో చేరవలసిన విద్యార్థికి దేహదారుఢ్య నియమాలున్నాయి. అంత భారీకాయం పనికిరాదు. పైగా ఐదేళ్ళ సైనికసేవ ముందున్నదని తెలిసి, వృత్తి ఆటగాడై కోట్లు గడించాలని కలలుకనే కుర్రవాడు ఈ విద్యాలయాల గడప తొక్కడానికి వెనుదీస్తాడు.

బలం చాలని చోట యుక్తి కావాలి కదా! ఆ యుక్తి పేరు ‘ఆప్షన్’. జట్టును నడిపే క్వార్టర్‌బ్యాక్ బంతి అందుకోగానే ఎదుటి పక్షంలోని ఒక రక్షకుని కదలికను కనిపెడతాడు. అతడు లోపలికి దూకితే బంతిని తానే పట్టుకొని పక్కనుంచి పరుగెత్తుతాడు. వెలుపలే ఆగితే నడుమనుంచి దూసుకుపోయే సహచరుని చేతికిస్తాడు. తన మీదికే ఎవరైనా వస్తే పక్కన పరుగెత్తే మరొకరికి విసురుతాడు. ఈ నిర్ణయమంతా రెప్పపాటులో జరిగిపోవాలి.

రెండు జట్లకూ ఈ విద్య తెలుసు. కనుక ఒకరి ఎత్తు మరొకరికి కొత్త కాదు. పరుగెత్తేవాడిని మైదానం లోపలే పడగొడితే గడియారం ఆగదు. కాలం ఇట్టే కరిగిపోతుంది. ఒక్కొక్క జట్టుకు బంతి చిక్కే అవకాశాలు కొద్ది. చేజారిన ఒక్క బంతితో ఆట తారుమారు కావచ్చు. అందుచేత తెలిసిన అభిమాని చూపు పెద్ద పెద్ద విసుర్లపై ఉండదు. మూడవ యత్నంలో ఇంకా రెండు గజాలే కావలసినప్పుడు ముందువరుసలో ఎవరు ఎవరిని వెనక్కి నెట్టారన్నదే అతనికి ముఖ్యం.

లెక్కలు తప్పే పోటీ

ఎవరు గెలుస్తారని అడిగితే అనుభవజ్ఞులు తడుముకొంటారు. 2024లో ఆర్మీ తన సమాఖ్యలో విజేతగా నిలిచింది. ఆ ఏడాది మొత్తంమీద 12 పోటీలు గెలిచింది. అయినా డిసెంబరులో నేవీ చేతిలో 13–31తో చిత్తయింది. 2002 మొదలు 2015 వరకు నేవీ వరుసగా 14 సార్లు గెలిచింది. ఆ పద్నాలుగేళ్ళలో నాలుగేళ్ళూ చదివి, ఒక్కసారైనా గెలుపు చూడకుండా యుద్ధభూమికి వెళ్ళిన ఆర్మీ ఆటగాళ్ళు ఎందరో! చివరకు 2016లో 21–17తో ఆ గ్రహణం వీడింది.

ఈ పోరు 1890 నవంబరు 29న వెస్ట్ పాయింట్ కవాతు మైదానంలో మొదలయింది. డెనిస్ మైకీ అనే కాడెట్ ఆర్మీ జట్టును కూడగట్టాడు. అప్పటికే ఆటలో ఆరితేరిన నేవీ 24–0తో గెలిచింది. ఎనిమిదేళ్ళ తరువాత, 1898లో, స్పెయిన్‌తో జరిగిన యుద్ధంలో మైకీ క్యూబాలో నేలకొరిగాడు. నేడు వెస్ట్ పాయింట్ క్రీడాంగణం అతని పేరనే ఉన్నది.

స్పర్ధ ముదిరి, 1893 పోటీ వేళ ఒక సేనానికీ ఒక నౌకాదళాధిపతికీ మాటామాటా పెరిగి ద్వంద్వయుద్ధం దాకా వచ్చిందని చెప్పుకొంటారు. 1894 నుంచి 1898 వరకు పోటీయే జరగలేదు.

1941 నవంబరు 29 నాటి పోటీ కరపత్రికలో ‘అరిజోనా’ యుద్ధనౌక చిత్రం వేసి, ఇంతవరకు బాంబులతో ఏ యుద్ధనౌకా మునగలేదని గర్వంగా రాశారు. సరిగ్గా ఎనిమిది రోజులకు పెర్ల్ హార్బర్‌లో జపాను విమానాల బాంబులకు ఆ ‘అరిజోనా’యే మునిగిపోయింది. మరుసటి ఏడు యుద్ధకాలపు నిబంధనల వల్ల వెస్ట్ పాయింట్ విద్యార్థులు అనాపొలిస్‌కు ప్రయాణం చేయలేకపోయారు. అందుకని నేవీ విద్యార్థులలోనే కొందరు, పై అధికారుల ఆజ్ఞపై, ఆర్మీ జట్టు పక్షాన జయధ్వానాలు చేశారు!

1963 నవంబరు 22న అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురయ్యాడు. ఆయన నౌకాదళంలో పనిచేసినవాడు; ఈ పోటీ అంటే మక్కువ గలవాడు. పోటీ మానుకొందామన్న ఆలోచన వచ్చింది. జరగాలనే కెన్నెడీ సతీమణి కోరింది. డిసెంబరు 7న ఫిలడెల్ఫియాలో, రోజర్ స్టాబాక్ నాయకత్వాన నేవీ 21–15తో ముందున్న వేళ, ఆర్మీ జట్టు కొసగీతకు రెండు గజాల దూరానికి వచ్చింది. జనఘోషలో ఆటగాళ్ళకు తమ నాయకుని సంకేతాలు వినబడలేదు. అంతలో గడియారం కాలం చెల్లిందన్నది! జరిగిన ఘట్టాన్ని వెంటనే మళ్ళీ చూపే విధానం టెలివిజన్‌లో తొలిసారి ప్రవేశించింది కూడా ఆనాడే. స్టాబాక్, ఆర్మీ క్వార్టర్‌బ్యాక్ స్టిచ్‌వే ఇద్దరూ తరువాత వియత్నాంలో పనిచేశారు. 1955లో ఆర్మీని 14–6తో గెలిపించిన డాన్ హాలెడర్ కూడా అక్కడికి వెళ్ళాడు. 1967లో అక్కడే ప్రాణాలు విడిచాడు.

రెండవసారి పాడాలని

పోటీకి ముందు రెండు విద్యాలయాల విద్యార్థులూ బారులు తీరి మైదానంలో కవాతు చేస్తారు. 1976 నుంచి యువతులకు కూడా ప్రవేశం లభించడంతో ఆ బారులలో వారూ ఉంటారు. ఇచ్చిపుచ్చుకోలు పద్ధతిపై ఎదుటి విద్యాలయంలో కొన్నాళ్ళు చదువుతున్న కొద్దిమందిని ఆనాడు తమ పక్షానికి అప్పగిస్తారు. ఈ తతంగానికి పెట్టిన ముద్దుపేరు ‘బందీల మార్పిడి’. ఒక వైపు నేవీ మేక, మరొక వైపు ఆర్మీ కంచరగాడిద మస్కట్లుగా నిలుస్తాయి. పోటీకి ముందు రోజుల్లో ఆ మేకను అపహరించుకుపోవడం కాడెట్లకు పాత సరదా.

అభిమానులు అసలు వేచి ఉండేది మాత్రం ఆట ముగిసిన తరువాతి ఘట్టం కోసం. రెండు జట్లూ కలిసి మొదట ఓడిన విద్యాలయపు విద్యార్థుల ఎదుటికి పోయి నిలుస్తాయి. ఓడినవారి విద్యాలయ గీతం ముందు. గెలిచినవారు అంతసేపూ వారి పక్కనే మౌనంగా నిలబడతారు. ఆ తరువాత అందరూ ఎదుటి పక్కకు నడుస్తారు. అప్పుడు విజేతల గీతం. అందుకే వెస్ట్ పాయింట్‌లో గాని, అనాపొలిస్‌లో గాని, ‘రెండవసారి పాడాలి’ అంటే గెలవాలి అని అర్థం.

మిగతా కళాశాలల పోటీలలో గెలిచినవారు కేరింతలు కొడుతుండగా, ఓడినవారు తలవంచుకొని లోపలికి వెళ్ళిపోతారు. ఇక్కడ అలా వెళ్ళిపోవడానికి వీలులేదు. మూడు గంటలసేపు ఒకరినొకరు నేలకు పడగొట్టుకొన్న యువకులు పక్కపక్కన నిలిచి ఎదుటివారి గీతం పూర్తిగా వినాలి. మరికొద్ది మాసాలలో వారిలో కొందరు ఒకే జెండా కింద కొలువుకు చేరతారు. ఆపదలో ఒకరి ప్రాణం మరొకరి చేతిలో ఉండవచ్చు. ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో ఎవరు గెలిచినా, చివరి విజిల్ మోగగానే టెలివిజన్ కట్టివేయకుండా, ఆ రెండు పాటలూ అయ్యేదాకా చూడవలసింది ఇందుకే.