జారు కొలువులో వేషోత్సవము

1903వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ఒకనాటి రాత్రి, రష్యా రాజధానియగు సెంట్ పీటర్స్‌బర్గు నగరములోని శీతకాల ప్రాసాదము దీపకాంతులతో వెలిగిపోవుచుండెను. వెలుపల నీవా నది గడ్డకట్టి యుండెను. లోపలి విశాల మందిరములలో 390 మంది యతిథులు చేరియుండిరి. వారెల్లరు ఇరువదవ శతాబ్దపు మనుష్యులే. రాజబంధువులు, మంత్రులు, సేనాధిపతులు, వారి భార్యలు, కుమార్తెలు. కాని వారి మేనులపై నున్నవి పదునేడవ శతాబ్దపు వస్త్రములు. చక్రవర్తియగు రెండవ నికోలస్ తన పూర్వీకుడైన జారు అలెక్సీ మిహైలొవిచ్ వేషమును, రాణి అలెగ్జాండ్రా ఆ అలెక్సీ భార్యయగు మరియా వేషమును ధరించియుండిరి. నూతనముగా వచ్చిన విద్యుద్దీపముల క్రింద రెండున్నర శతాబ్దముల నాటి కొలువు తిరిగి నిలిచినట్లుండెను.

స్త్రీపురుషులు వాద్యముల కనుగుణముగా జంటలు కట్టి నర్తించు విందుసభను ఐరోపా వాసులు ‘బాల్’ అందురు. ఆ సభకు వచ్చువారందరు గడచిపోయిన యే కాలపు దుస్తులనో ధరింపవలెనని గృహస్థుడు నియమించినచో అది చారిత్రక వేషోత్సవ మగును. పందొమ్మిదవ శతాబ్దము చివర ఇట్టి యుత్సవములు ధనిక కుటుంబములలో మిక్కిలి వ్యాప్తి పొందెను. 1897లో విక్టోరియా రాణి సింహాసనారోహణ వజ్రోత్సవ సందర్భమున లండనులోని డెవన్‌షైర్ భవనమున ఒక గొప్ప వేషోత్సవము జరిగెను. అదే సంవత్సరము న్యూయార్కు నగరమున వ్యాపారములు మందగించి పేదలు పనులు లేక యలమటించుచున్న వేళ, ఒక ధనిక దంపతులు ఇట్టి యుత్సవమునే జరిపి పత్రికల నిందకు గురియైరి. కుట్టుపనివారికి పని కల్పించుటకే యీ వేడుక యని గృహిణి చెప్పుకొనెనట. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు గాని, దానిని నమ్మినవారు కొందరే.

రష్యా చక్రవర్తి వేడుక వీనికంటె భిన్నమైనది. ఇచ్చట ఎవరికి తోచిన వేషమును వారు వేయుటకు వీలు లేకుండెను. కాలము ఒక్కటే, దేశము ఒక్కటే. అందరును అలెక్సీ కొలువునందలి వారుగనే రావలెను. ఈ అలెక్సీ 1645 మొదలు 1676 వరకు మాస్కో నుండి రాజ్యము చేసెను. చరిత్రలో ఇతనికి ‘మిక్కిలి శాంతుడు’ అను బిరుదు కలదు. దైవభక్తి గల రాజు, అతనిని తండ్రివలె ప్రేమించు ప్రజలు, నడుమ పరాయి భావములేవియు లేని పాత రష్యా. ఇట్టి చిత్రము నికోలసు మనస్సున నాటుకొని యుండెను. తనకు మరుసటి యేట జన్మించిన కుమారునకు ఆయన అలెక్సీ యనియే పేరు పెట్టెను.

వేషముల తయారీకి నెలల తరబడి శ్రమ జరిగెను. చిత్రకారులు పాత చిత్రపటములను, గ్రంథములను పరిశీలించి నమూనాలు గీసిరి. చరిత్ర తెలిసినవారు వానిని సరిచూచిరి. రాజదంపతుల దుస్తులను చక్రవర్తి నాటకశాలలకు పనిచేయు దర్జీలు కుట్టిరి. చక్రవర్తి వేషమునకు కావలసిన కొన్ని యలంకారములు కొత్తగా చేయించినవి కావు. మాస్కో కోటలోని ఆయుధాగారమున భద్రపరచిన నిజమైన పాత రాజుల వస్తువులనే తెప్పించిరి. వానిలో ముత్యాల ముంజేతి పట్టీలును ఉండెను. రాణి ధరించిన జరీవస్త్రముపై ముత్యములు, మరకతములు దట్టముగా కుట్టబడెను. ఇతర స్త్రీలు తమ తమ కుటుంబములలో తరతరములుగా వచ్చిన నగలను పెట్టెలనుండి వెలికితీసి తలపై, మెడలో, భుజములపై నింపుకొనిరి. నాటకశాలలో రాజవేషము వేసినవాడు గాజుపూసలు ధరించును. ఇచ్చటి వేషమున రత్నములు నిజమైనవి, ధరించినవాడును నిజమైన రాజే.

ఆ దుస్తుల తీరును కొంచెము వివరింపవలసియున్నది. ఆనాటి రష్యాలో ‘బొయారులు’ అనబడు ప్రభువులు పాదముల వరకు జారు బరువైన అంగీలను తొడిగెడివారు. కొన్నిటి చేతులు వ్రేళ్ళను దాటి మోకాళ్ళ వరకు వ్రేలాడెడివి. అట్టి చేతులతో ఏ పనియు చేయుట సాధ్యము కాదు. తనకు పనిచేయ నవసరము లేదని చాటుటయే వాని ప్రయోజనము. రష్యను భాషలో నేటికిని, శ్రద్ధ లేకుండ చేసిన పనిని ‘చొక్కాచేతులు జారవిడిచి చేసిన పని’ యని యందురు. ప్రభువుల టోపీలు సేబుల్, నక్క మొదలగు జంతువుల కంఠభాగపు మెత్తని రోమచర్మముతో చేయబడి, కుండలవలె నిటారుగా నిలుచుచుండెను. టోపీ యెంత యెత్తైనచో కులగౌరవ మంత యధికము. స్త్రీలు ‘కొకోష్నిక్’ అను శిరోభూషణమును ధరించిరి. అది నుదుటిపై అర్ధచంద్రాకారముగా లేచి, ముత్యాల కుట్టుపనితో మెరయును. వివాహిత యైన స్త్రీ తన కేశములు బయటికి కనబడనీయరాదు. కన్య మాత్రము జడను వెనుకకు వ్రేలాడవిడువవచ్చును. కావున తలను చూచియే ఆమె వివాహితయో కాదో చెప్పవచ్చును.

ఉత్సవము రెండు రాత్రులు జరిగెను. అప్పటి రష్యా పంచాంగము ప్రకారము అవి ఫిబ్రవరి 11, 13 తేదీలు. నేటి లెక్కకు 24, 26. మొదటి రాత్రి ప్రాసాదమును ఆనుకొనియున్న హెర్మిటేజ్ నాటకశాలలో గానాభినయములు ప్రదర్శింపబడెను. రైతు కుటుంబమున పుట్టి మహాగాయకుడైన షల్యాపిన్, బోరిస్ గోదునోవ్ అను పూర్వపు జారు పాత్రను ధరించి పాడెను. యువనర్తకి అన్నా పావ్లోవా నాట్యము చేసెను. పిమ్మట విందు, నాట్యము జరిగినవి. రెండవ రాత్రి అసలైన నృత్యోత్సవము. రాచపరివారములోని యువతీయువకులు కొన్ని రష్యను నాట్యములను ముందుగనే అభ్యసించి యుండిరి. వారికి నేర్పినవారు చక్రవర్తి నాట్యశాలకు చెందినవారు. వానిలో ‘ఖొరవోద్’ ఒకటి. చేతులు పట్టుకొని, పాటకు తగినట్లు వలయముగా తిరుగుచు చేయు ఈ నాట్యము పల్లెపడుచులది. గొబ్బిపాటల వలయమును, బతుకమ్మ యాటను చూచినవారికి దీని పోకడ సులభముగా బోధపడును. పొలముల గట్లపై పుట్టిన యీ యాటను ప్రభువుల కుమార్తెలు పాలరాతి స్తంభముల నడుమ, నాట్యాచార్యుల కనుసన్నలలో ఆడిరి. ఇవి ముగిసిన పిదప వాల్ట్జ్, క్వాడ్రిల్, మజుర్కా అను నాట్యములు ప్రారంభమయ్యెను. అంతటితో పదునేడవ శతాబ్దపు దుస్తులు పందొమ్మిదవ శతాబ్దపు అడుగులు వేయసాగెను.

ఇచ్చటనే ఒక విచిత్రము కలదు. అలెక్సీ కాలమున రష్యాలో ఇట్టి నృత్యసభ యన్నదే లేదు! ప్రభువుల యిండ్ల స్త్రీలు ‘తెరెమ్’ అను అంతఃపురములలో పరపురుషుల కంటబడకుండ జీవించెడివారు. వారు పురుషులతో చేయి కలిపి నర్తించుట యూహింపరాని విషయము. మృదుస్వభావుడని పేరొందిన అలెక్సీయే 1648లో ఊరూర తిరిగి ఆడిపాడు వేషగాండ్రను నిషేధించి, వారి వాద్యములను విరిచి కాల్చివేయ నాజ్ఞాపించెను. ఆ యాజ్ఞ జారీయైన సంవత్సరముననే ఆయనకు మరియాతో వివాహమయ్యెను. ఆ దంపతుల వేషములలోనే నికోలసు దంపతులు ఈ నృత్యసభకు అధ్యక్షత వహించిరి.

రష్యాకు నృత్యసభను తెచ్చినవాడు అలెక్సీ కుమారుడగు మహాపీటరు. అతడు 1698లో పశ్చిమ దేశముల నుండి తిరిగివచ్చి ప్రభువుల గడ్డములు గొరిగించెను. 1700లో పొడవైన అంగీలు మాని పాశ్చాత్య దుస్తులు ధరింపవలెనని శాసించెను. 1718లో స్త్రీపురుషులు కలసి కూర్చుండి మాటలాడుటకును, నర్తించుటకును సభలు జరుపవలెనని ఉత్తరువు చేసెను. సెంట్ పీటర్స్‌బర్గు నగరమును 1703లో స్థాపించినవాడును అతడే. కాబట్టి పీటరు నిర్మించిన నగరమునకు సరిగా రెండువందల యేండ్లు నిండిన సంవత్సరమున, పీటరు ప్రవేశపెట్టిన నృత్యసభలో, పీటరు రూపుమాపిన దుస్తులను ధరించి అతని వారసులు నర్తించిరన్నమాట. అంగీ కుట్టులో, టోపీ యెత్తులో ఎట్టి పొరపాటును రాకుండ వారు జాగ్రత్తపడిరి. పొరపాటు వారి వేడుకలోనే యున్నది.

దుస్తులు చూపని మరికొన్ని విషయములును కలవు. అలెక్సీ రాజ్యము శాంతియుతమైనది కాదు. 1648లో ఉప్పు పన్నుకు సంబంధించిన కలహము మాస్కోను కుదిపివేసెను. 1662లో రాగినాణెముల మూలమున ధరలు పెరిగి ప్రజలు తిరుగబడిరి. 1670లో స్తెన్కా రాజిన్ నాయకత్వమున వోల్గా తీరమంతయు అల్లకల్లోలమయ్యెను. 1649 నాటి శాసనసంపుటి రైతును భూస్వామి నేలకు శాశ్వతముగా కట్టివేసెను. ఆ కట్టు 1861 వరకు తెగలేదు. 1903 నాటి సభలో నర్తించినవారి తాతలలో పెక్కుమంది అట్టి రైతులకు యజమానులు. ఖొరవోద్ ఆడిన చేతులలో ఒక్కటియు రైతు చేయి కాదు.

అయినను, తండ్రివంటి జారు, బిడ్డలవంటి ప్రజలు అను భావము ప్రాసాదములోనే గాక, కర్మాగారములలోను ఇంకను మిగిలియుండెను. అది యెట్లు నశించెనో చెప్పక తప్పదు. 1905 జనవరి 9వ తేదీన, అనగా నేటి లెక్కకు 22న, వేలాది కార్మికులు భార్యాబిడ్డలతో కూడ ఆదివారపు దుస్తులు ధరించి, దేవుని పటములను, జారు చిత్రపటములను చేతబట్టుకొని, కీర్తనలు పాడుచు ఈ శీతకాల ప్రాసాదమువైపు నడచివచ్చిరి. తమ కష్టములను రాజునకు విన్నవించుకొనుట వారి యుద్దేశము. అలెక్సీ కాలపు ప్రజలవలె వారు జారును నమ్మి వచ్చిరి. వారిది వేషము కాదు. ఆ దినమున నికోలసు ప్రాసాదమున లేడు. సైనికులు కాల్పులు జరిపిరి. వందలకొలది జనులు చనిపోయిరి, గాయపడిరి. వేషోత్సవము జరిగి అప్పటికి రెండేండ్లు కూడ నిండలేదు.

ఆ తరువాత ఆ ప్రాసాదమున అట్టి మహోత్సవము మరల జరుగలేదు. ఉత్సవమునకు వచ్చిన రాజబంధువు సెర్గీ 1905 ఫిబ్రవరిలో బాంబు దెబ్బకు చనిపోయెను. 1917లో నికోలసు సింహాసనమును వదలుకొనెను. 1918 జూలైలో యెకతెరీన్‌బర్గు నగరమున ఆయనను, రాణిని, అయిదుగురు బిడ్డలను కాల్చి చంపిరి. ఆయన తమ్ముడగు మిహాయిల్, పాత రాజకుమారుని వేషమున నర్తించినవాడు, అంతకు నెలరోజుల ముందే హతుడయ్యెను. మిగిలినవారిలో పలువురు చేతికందిన నగలతో విదేశములకు పారిపోయిరి.

ఉత్సవపు జ్ఞాపకములు మాత్రము మిగిలినవి. రాణి కోరికపై అతిథులందరు తమ వేషములలో ఛాయాచిత్రములు తీయించుకొనిరి. ఆ చిత్రములు 1904లో ఒక సంపుటముగా వెలువడెను. నేడా ప్రాసాదము హెర్మిటేజ్ ప్రదర్శనశాలలో భాగము. ఆ రాత్రి ధరించిన దుస్తులలో కొన్ని అచ్చటనే అద్దపు పెట్టెలలో కలవు. అన్నిటికంటె వింతయైన జ్ఞాపకము వేరొకటి. ఉత్సవము జరిగిన కొన్ని సంవత్సరములకు, ఆ వేషముల పోలికతో రాజులు, రాణులు, జాకీలు గీయబడిన పేకముక్కలు రష్యాలో అచ్చయ్యెను. వాని యమ్మకముపై వచ్చు లాభము అనాథశిశువుల పోషణకు వినియోగింపబడెడిది. విప్లవమున కొలువు పోయెను, కిరీటము పోయెను. పేకముక్కలు మాత్రము పోలేదు. సోవియెట్ ప్రభుత్వపు అచ్చుకూటములు దశాబ్దముల తరబడి ఆ బొమ్మలనే అచ్చువేయుచుండెను. రైలుపెట్టెలలో, సైనికుల శిబిరములలో, పొలముల నీడలలో కూర్చుండి కర్షకులు, కార్మికులు ఆ రాజులను, రాణులను చేతులలో పట్టుకొని ఆడుకొనిరి. ఆ ముఖములెవరివో వారిలో చాలమందికి తెలియదు.