నక్షత్రకాంతిని కొలిచే పరికరాలు

టెలిస్కోపు అనగానే పెద్ద అద్దమే స్ఫురించినా, అద్దం చేసేది కాంతిని పోగుచేసి ఒకచోటికి చేర్చడం వరకే. ఆ కాంతిని విడుదల చేసిన నక్షత్రంలో ఏ మూలకాలున్నాయో, అది ఎంత వేగంగా కదులుతోందో తేల్చిచెప్పేవి అద్దానికి అనుబంధంగా అమర్చే శాస్త్రపరికరాలు. వీటిలో ప్రధానమైనది స్పెక్ట్రోగ్రాఫ్, అంటే కాంతిని రంగుల పట్టీగా (వర్ణపటంగా) విడదీసి, అందులోని గీతలను నమోదు చేసే పరికరం.

ఈ పరికరాల విలువను లోకానికి చాటినవారిలో హైదరాబాదులో పెరిగిన ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు ఒకరు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాలలో బప్పు తండ్రి పనిచేసేవారు. అక్కడి ప్రధాన టెలిస్కోపులు విదేశాల నుంచి తెప్పించినవే. చల్లని నక్షత్రాల వర్ణపటంలో ఒక కాల్షియం గీత నడుమ కనిపించే వెలుగు రేఖ వెడల్పును బట్టి ఆ నక్షత్రపు అసలు ప్రకాశాన్ని అంచనా వేయవచ్చని 1957లో ఆయన, మరో ఖగోళ శాస్త్రవేత్త ఓలిన్ విల్సన్ కలిసి చూపించారు. స్వదేశంలోనే పెద్ద టెలిస్కోపును తయారుచేయాలన్న ఆయన సంకల్పం, 1982లో ఆయన మరణించిన తరువాత, తమిళనాడులోని కావలూరులో 2.3 మీటర్ల టెలిస్కోపుగా రూపుదిద్దుకుని 1986లో ఆయన పేరుతోనే ప్రారంభమైంది.

అదే సంకల్పానికి కొనసాగింపు అనదగినది థర్టీ మీటర్ టెలిస్కోపు. అమెరికా విశ్వవిద్యాలయాలు, జపాన్, కెనడాలతో కలిసి చేపట్టిన ఈ పథకంలో భారత భాగస్వామ్యానికి 2014లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. బెంగళూరు, పుణె, నైనితాల్‌లలోని ఖగోళ సంస్థలు బాధ్యత వహిస్తున్న ఈ భాగస్వామ్యంలో అధికభాగం నగదుగా గాక, ఇక్కడ తయారుచేసిన భాగాల రూపంలో అందవలసి ఉంది.

30 మీటర్ల అద్దాన్ని ఒకే ముక్కగా పోతపోయడం సాధ్యం కాదు కనుక, దాదాపు ఒకటిన్నర మీటర్ల వెడల్పున్న 492 షడ్భుజ ఫలకాలను పక్కపక్కన పేర్చి ఒకే అద్దంగా పనిచేయించాలి. ఫలకాలకు మరో సమస్య వేడి: భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే 130 మీటర్ల రైలుపట్టా ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. మిల్లీమీటరులో పదిలక్షో వంతైన నానోమీటర్లలో కొలిచే అద్దపు ఉపరితలానికి అంతటి వ్యాకోచం సరిపడదు గనుక, వేడికి దాదాపు సాగని గాజు-పింగాణీ పదార్థంతో ఫలకాలను తయారుచేస్తారు.

ఫలకాలను మెరుగుపెట్టే పనిలో కొంత భాగం కోసం బెంగళూరు సమీపంలోని హోస్కోటెలో 2020లో ప్రత్యేక కేంద్రం ఏర్పడింది. అద్దం నడిమి నుంచి అంచు వరకు వంపు మారుతూ పోతుంది కనుక ఫలకాలలో 82 రకాల ఆకృతులున్నాయి. అటువంటి వంపును నేరుగా చెక్కడం కష్టం కనుక, ఫలకాన్ని అంచుల వద్ద లెక్కప్రకారం బలం ప్రయోగించి వంచి, ఆ స్థితిలో గోళాకారంగా అరగదీసి, ఆపై బలాన్ని తొలగిస్తారు. అప్పుడు గాజు తన సహజస్థితికి తిరిగివస్తూ కోరిన వంపును తానే పొందుతుంది. ఒక్కో ఫలకం కింద మూడేసి చొప్పున 1476 యాక్చుయేటర్లు, అంటే సూక్ష్మంగా జరిపే యంత్రాలు ఉంటాయి. పక్క ఫలకంతో ఎత్తు తేడాను అంచుల వద్ద సెన్సర్లు కనిపెట్టి తెలియజేయగా, యాక్చుయేటర్లు ఫలకాన్ని ఎప్పటికప్పుడు సరిచేస్తాయి.

ఇలా కూడిన కాంతిని చదివేందుకు రూపొందుతున్న పరికరాలలో విశాలక్షేత్ర స్పెక్ట్రోగ్రాఫ్ ఒకటి; దీని రూపకల్పనలో భారత శాస్త్రజ్ఞులు పాలుపంచుకుంటున్నారు. సన్నని చీలికలు కోసిన లోహపు రేకును కాంతిమార్గంలో నిలిపి, అనేక సుదూర గెలాక్సీల వర్ణపటాలను ఏకకాలంలో తీయడం దీని ప్రత్యేకత. ఆకాశాన్ని అనుసరిస్తూ తిరిగేటప్పుడు బరువైన ఈ పరికరం తన భారానికే కొద్దిగా వంగినా వర్ణపటం చెదిరిపోతుంది. ఆ వంపును ముందుగానే లెక్కగట్టి అదుపులో ఉంచడమే రూపకర్తలకు పెద్ద పరీక్ష.

ఈ టెలిస్కోపును నిర్మించదలచిన హవాయిలోని మౌనాకియా పర్వతాన్ని పవిత్రంగా భావించే స్థానికుల అభ్యంతరాల వల్ల, నిధుల సందిగ్ధత వల్ల టెలిస్కోపు నిర్మాణం ఏళ్లతరబడి నిలిచిపోయింది. స్థానికుల మాటను గౌరవించకుండా ముందుకు సాగడం విజ్ఞానానికి శోభనివ్వదు. అయినా ఇంతవరకు జరిగిన శ్రమ వృథా కాదు. అద్దాలను నానోమీటర్లలో సవరించగల చేతులు, ఆ పనికి తగిన యంత్రాలు, పరీక్షా పద్ధతులు ఇప్పుడు దేశంలో ఉన్నాయి. లద్దాఖ్‌లో పది మీటర్ల తరగతి టెలిస్కోపును నిర్మించాలన్న ప్రతిపాదనకు ఈ నైపుణ్యమే పునాది. ఆ పునాది నిలవాలంటే ఇంజనీరింగ్, ఐటీఐ విద్యార్థులకు ఈ కర్మశాలల తలుపులు తెరవాలి, మధ్యలో ఆగని నిధులు కేటాయించాలి.