ఎలుక కడుపున పడ్డ మందు

మందు డబ్బాలో మడిచి పెట్టిన సన్న అక్షరాల కాగితాన్ని ఎవరూ చదవరు, కడుపుతో ఉన్నవాళ్లు తప్ప. ‘జంతువులపై జరిపిన పరీక్షల్లో పిండానికి హాని కనిపించలేదు’ అన్న ఒక్క వాక్యం దగ్గర వాళ్ల కళ్లు ఆగిపోతాయి. ఆ వాక్యం రాయగలగడానికి ముందు ఒక లాబ్‌లో ఎంత తంతు నడుస్తుందో చూడండి.

ఆడ, మగ ఎలుకల్ని రాత్రి ఒకే బోనులో ఉంచుతారు. తెల్లారి ఆడ ఎలుక యోని ద్రవాన్ని చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడతారు. వీర్యకణం కనిపిస్తే అది సున్నా రోజు. ఎలుకది మూడు వారాల గర్భం. ఆరో రోజు ప్రాంతంలో పిండం గర్భసంచికి అతుక్కుంటుంది, 17వ రోజుకు అంగిలి మూసుకుంటుంది. అవయవాలు ఏర్పడే ఆ రోజులన్నీ సన్నటి గొట్టంతో మందు నేరుగా పొట్టలోకి వెళుతుంది.

ఈనేదాకా ఆగరు. తల్లి ఎలుక చచ్చిన పిల్లల్నీ వంకర పిల్లల్నీ తినేస్తుంది, లెక్క తప్పుతుంది. అందుకే ఒకరోజు ముందే కోసి చూస్తారు. గర్భం రానట్టు కనిపించిన సంచినీ వదలరు. అమ్మోనియం సల్ఫైడ్‌లో వేస్తే, పిండం అతుక్కుని కరిగిపోయిన చోట నల్లమచ్చ తేలుతుంది. సగం పిండాలకు కండను పారదర్శకం చేసి అలిజరిన్ రెడ్ రంగు పట్టిస్తారు. గాజు బొమ్మ లాంటి ఒంట్లో ఎముకలు ఎర్రగా నిలుస్తాయి. పక్కటెముకలు, వెన్నుపూసలు ఒక్కొక్కటే లెక్కపెడతారు. గ్రూపుకు 20 తల్లులు, నాలుగు గ్రూపులు, ఈతకు పది పిండాలనుకున్నా లెక్క 800కు చేరుతుంది. అయినా ఒకే ఈతలో పది పిల్లలు వంకరగా ఉంటే అది పది సాక్ష్యాలు కాదు. తల్లి ఒకటే కాబట్టి ఒకటే.

బాలింత సంగతి వేరే పరీక్షలో తేలుతుంది. అందులో తల్లుల్ని ఈననిచ్చి, పిల్లలు పాలు మానేదాకా మందు ఇస్తారు. పిల్లకు కళ్లు ఎన్నోరోజు తెరుచుకున్నాయి, వెల్లకిలా పెడితే తిరగబడుతుందా, చప్పుడుకు ఉలిక్కిపడుతుందా, నీళ్లలో దారి వెతుక్కుంటుందా అన్నవన్నీ రాసుకుంటారు. పెద్దయ్యాక జత కట్టించి, దానికి కడుపు పండుతుందో లేదో కూడా చూస్తారు. పాలలోకి మందు వచ్చిందా అని కొలుస్తారు గానీ, ఎలుక పాలలో వచ్చిన మోతాదే అమ్మ పాలలో వస్తుందని ఎవరూ అనుకోరు.

ఇంత చేసినా ఎలుక మాట వేదం కాదు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన థాలిడోమైడ్ వల్ల 10,000 మంది దాకా పిల్లలు పొట్టి చేతులతో, కాళ్లతో పుట్టారు. తర్వాత అదే మందు ఎలుకలకిస్తే పిల్లల చేతులు, కాళ్లు మామూలుగానే ఉన్నాయి. కుందేళ్లలో మాత్రం లోపం బయటపడింది. ఇప్పుడు ఎలుకతో పాటు మామూలుగా కుందేలూ ఉండేది అందుకే. ఎనలాప్రిల్ లాంటి బీపీ మందులు నెలలు నిండుతున్న కొద్దీ బిడ్డ కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఎలుక కిడ్నీ చాలావరకు పుట్టాకే తయారవుతుంది కనుక అది ఈ ప్రమాదాన్ని సరిగా పట్టివ్వలేదు. ఆస్పిరిన్‌ది తలకిందుల కథ. ఎక్కువ మోతాదులో ఎలుక పిల్లలకు వంకరలు తెస్తుంది, మనుషుల్లో ఆ స్థాయి హాని తేలలేదు.

నా మటుకు తప్పు ఎలుకది కాదు. గర్భిణుల్ని మందుల ట్రయల్స్‌కు దూరం పెట్టి, వాళ్ల తరఫున ఎలుకతో సంతకం పెట్టించుకుంటున్నాం. మన 2019 నాటి కొత్త మందుల నిబంధనలూ జంతు పరీక్షల నివేదికను ముందు అడిగాయి, అది సబబే. కానీ మూర్ఛ, బీపీ ఉన్న ఆవిడ తొమ్మిది నెలలు మందు మానడం కుదరదు. ఆవిడకు కావలసిన జవాబు ఆవిడలాంటి వాళ్ల దగ్గరే ఉంది. కేరళలో 1998 నుంచి నడుస్తున్న మూర్ఛ గర్భిణుల రిజిస్ట్రీ అలా పుట్టిందే. వాల్‌ప్రోయేట్ అనే మూర్ఛ మందు మోతాదు పెరిగే కొద్దీ బిడ్డకు ముప్పు పెరుగుతుందని అక్కడి కాన్పుల లెక్కలూ చూపించాయి. తెలుగు రాష్ట్రాల్లో అలాంటి దస్త్రం తెరవడానికి ఎలుకలతో పనిలేదు, కాన్పు గదిలో తల్లి వాడిన మందు పేరు రాసే ఒక గడి చాలు.